జగన్నాథ్ ధల్: పదేళ్లు పట్టు విడవని ధల్‌భూమ్ రాజు

పిల్లలూ, మన తరగతిలో ఎవరినైనా మీదే ఊరని అడిగితే జవాబు చెప్పే ముందు కాసేపు ఆలోచిస్తారు. పుట్టింది ఒకచోట, అక్షరాలు దిద్దింది ఇంకోచోట, ఇప్పుడు చదువుతున్నది జంషెడ్‌పూర్‌లో. మేమూ అంతే. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఎన్ని ఊళ్లు మారామో వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవాలి. అందుకే కొత్త ఊరికి వచ్చిన ప్రతిసారీ మేము ఒక పని చేస్తాం. అట్టపెట్టెలు విప్పడం పూర్తయ్యాక ఊళ్లోకి వెళ్లి ప్రభుత్వ కార్యాలయాల బోర్డులు చదువుతాం. ఊరి పాత పేర్లు, పాత సంగతులు చాలావరకు ఆ బోర్డుల మీదే మిగిలి ఉంటాయి.

జంషెడ్‌పూర్‌లో అలాంటి పేరు ఒకటి కనిపించింది. మనం ఉంటున్న జిల్లా తూర్పు సింగ్‌భూమ్. జిల్లా కేంద్రం జంషెడ్‌పూర్. కానీ ఈ ఊరున్న సబ్‌డివిజన్ పేరు జంషెడ్‌పూర్ కాదు, ధల్‌భూమ్. అంటే ధల్ రాజుల భూమి. సాక్చికి జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చింది 1919లో. ధల్‌భూమ్ అన్న పేరు అంతకు చాలా ముందే ఉంది. ఆ పేరుగల రాజవంశంలో ఒకాయన పదేళ్లపాటు ఈస్టిండియా కంపెనీని నిద్రపోనివ్వలేదు. ఆయన పేరు జగన్నాథ్ ధల్. జార్ఖండ్ చరిత్ర పుస్తకాల్లో కంపెనీ మీద జరిగిన తొలి తిరుగుబాట్ల కింద ధల్ తిరుగుబాటు అని చదువుతారే, అది ఈయనదే. 1767లో మొదలై 1777 దాకా సాగింది. మనం ఉంటున్న నేల మీద జరిగిన కథ కాబట్టి మనం తెలుసుకోవాలి.

ధల్‌భూమ్ ఎలా ఉండేది

అప్పట్లో ఇక్కడ ఫ్యాక్టరీ లేదు, రైలు లేదు. సువర్ణరేఖ నది ఉంది. దానికి అటూ ఇటూ సాల చెట్ల అడవి, దల్మా కొండలు, వాటి మధ్య చిన్న చిన్న పల్లెలు. రాజుల కోట ఘాట్‌శిలలో ఉండేది. ఇక్కడి నుంచి సుమారు నలభై ఐదు కిలోమీటర్ల దూరం. ధల్ రాజుల ఇలవేల్పు రంకిణీ దేవి. జాదూగోడా వైపు వెళ్లినవాళ్లు రోడ్డు పక్కన ఆ అమ్మవారి గుడి చూసే ఉంటారు.

పల్లెల్లో భూమిజులు, సంతాలులు, ఇంకా ఎన్నో జాతులవాళ్లు ఉండేవారు. రాజు పెద్ద సైన్యాన్ని జీతమిచ్చి పోషించేవాడు కాదు. కొండ కనుమలను, దారులను కాపలా కాసేవాళ్లకు భూములు ఇచ్చేవాడు. వాళ్లను ఘాట్వాల్లు, సర్దార్లు, పాయిక్‌లు అనేవారు. వాళ్లు మామూలు రోజుల్లో పొలం దున్నుకునేవారు, కబురు వస్తే విల్లమ్ములు తీసుకుని బయలుదేరేవారు. మన గోదావరి మన్యంలో ముఠాదార్ల గురించి విన్నవాళ్లకు ఈ పద్ధతి తేలిగ్గా అర్థమవుతుంది. కొండకు ఒక పెద్ద, ఆ పెద్దకు కొంత భూమి, కొంత బాధ్యత, పైన ఒక రాజు. రాజుకు బలం కోట గోడల్లో కాదు, ఈ మనుషుల్లో ఉండేది. జగన్నాథ్ ధల్ కథంతా ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది.

కంపెనీ వచ్చింది

1760లో బెంగాల్ నవాబు మీర్ ఖాసిం మేదినీపూర్ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చాడు. 1765లో బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీ, అంటే శిస్తు వసూలు చేసే హక్కు, మొఘల్ చక్రవర్తి నుంచి కంపెనీకి దక్కింది. మరుసటి ఏడాదే నిజాంతో చేసుకున్న ఒప్పందం వల్ల మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాలు కూడా ఉత్తర సర్కారుల పేరుతో కంపెనీ చేతికి వచ్చాయి. ఇక్కడి అడవి రాజులకూ, అక్కడి మన జమీందార్లకూ దాదాపు ఒకే సమయంలో ఒకే యజమాని తయారయ్యాడన్నమాట.

కాగితం మీద ధల్‌భూమ్ మేదినీపూర్ కింద లెక్క. కానీ అడవిలోని రాజులు ఎవరికీ క్రమంగా శిస్తు కట్టినవాళ్లు కారు. పైగా నదికి ఆవల ఉన్న ఒరిస్సా దేశం అప్పుడు మరాఠాల ఏలుబడిలో ఉంది. అందువల్ల ధల్‌భూమ్ కంపెనీకి సరిహద్దు. శిస్తూ కావాలి, సరిహద్దూ అదుపులో ఉండాలి. 1767 తొలి నెలల్లో మేదినీపూర్‌లోని కంపెనీ రెసిడెంటు జాన్ గ్రాహమ్ ఫెర్గూసన్ అనే సైనికాధికారిని సిపాయిలతో పడమటి అడవుల మీదికి పంపాడు.

టాటానగర్‌లో ఖరగ్‌పూర్ వైపు వెళ్లే లోకల్ రైలు ఎక్కితే గాలూడీ, ఘాట్‌శిల, ధల్‌భూమ్‌గఢ్, చాకులియా, ఆ తర్వాత బెంగాల్ సరిహద్దు దాటి ఝార్‌గ్రామ్ వస్తాయి. ఫెర్గూసన్ వచ్చింది సుమారుగా ఈ దారినే, కాకపోతే అటు నుంచి ఇటు. ఝార్‌గ్రామ్ లొంగింది. జాంబనీ లొంగింది. చుట్టుపక్కల జమీందార్లు ఒక్కొక్కరే శిస్తుకు ఒప్పుకున్నారు. ఘాట్‌శిల రాజు మాత్రం ఒప్పుకోలేదు. తన దేశంలోకి వచ్చే దారులన్నిటికీ చెట్లు నరికి అడ్డం వేయించాడు. మార్చి నెలలో సిపాయిలు అడుగడుక్కీ పోరాడుతూ ఘాట్‌శిల చేరేసరికి కోట మంటల్లో ఉంది. శత్రువు చేతికి చిక్కనివ్వకుండా రాజే కోటకు నిప్పు పెట్టించి అడవిలోకి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు ఆయన పట్టుబడ్డాడు. ఖైదీగా మేదినీపూర్ పంపించారు.

గద్దె మీద కొత్త మనిషి

రాజును తీసేశారు సరే, శిస్తు ఎవరు కట్టాలి? కంపెనీకి ఆ కుటుంబం నుంచే ఒక మనిషి కావాలి. అలా తరువాతి తరానికి చెందిన జగన్నాథ్ ధల్‌ను గద్దె మీద కూర్చోబెట్టారు. ఏడాదికి 5,500 రూపాయలు కట్టాలని షరతు పెట్టారు.

ఇక్కడ మనం ఒక్కసారి ఆయన స్థానంలో ఉండి ఆలోచించాలి. ఆయనకు గద్దె ఇచ్చింది కంపెనీ. ఆయనను నమ్ముకున్నది సర్దార్లు, పాయిక్‌లు, పల్లెలు. అడవి పల్లెల్లో నగదు తక్కువ. పండిన ధాన్యంతో, అడవిలో దొరికిన వస్తువులతో బతికే మనుషులు వాళ్లు. ఏటా అన్ని వేల రూపాయలు కట్టాలంటే ఎవరి నుంచో పిండాలి. కట్టకపోతే పదవి పోతుంది. కడితే మనుషులు దూరమవుతారు. కంపెనీ మాట విని హాయిగా కూర్చునేవాడైతే ఆయన పేరు ఈ రోజు మనకు తెలిసేది కాదు. ఒక్క ఏడాదిలోనే ఆయన తన వాళ్ల వైపు నిలబడ్డాడు. శిస్తు ఆగిపోయింది.

1768లో కంపెనీ మళ్లీ దళాన్ని పంపింది. జగన్నాథ్ ధల్ దొరకలేదు. ఆయన తమ్ముడో అన్నో అయిన నీమూ ధల్ మాత్రం పట్టుబడ్డాడు. అప్పుడు కెప్టెన్ మోర్గాన్ వచ్చాడు. అది వానాకాలం. సువర్ణరేఖ పొంగి దాటడానికి వీలు లేకుండా పోయింది. సిపాయిలు జబ్బుపడ్డారు. జగన్నాథ్ ధల్ మనుషులు మైదానంలోకి వచ్చి వరసగా నిలబడి పోరాడేవారు కారు. చెట్ల చాటు నుంచి బాణాలు వేసి మాయమయ్యేవారు. మోర్గాన్ విసిగిపోయి మేదినీపూర్‌కు రాసిన ఉత్తరాల్లో వీళ్లను కందిరీగలతో పోల్చాడు. వచ్చి కుట్టి పారిపోతారు, పట్టుకుందామంటే దొరకరు అన్నది అతని బాధ. ఇలాంటి శత్రువును గెలవడం తన వల్ల కాదని అతనికి తెలిసిపోయింది. అందుకే నీమూ ధల్‌ను త్వరగా పంపండి, అతన్నే రాజుగా కూర్చోబెడదాం అని పైవాళ్లను తొందరపెట్టాడు.

నీమూ ధల్ రాజయ్యాడు. ఇంట్లో ఒకరిని తీసి ఇంకొకరిని పెట్టడం కంపెనీకి అలవాటైన ఉపాయం. మన కార్యాలయాల్లో ఒక అధికారి వెళ్లిపోతే ఇంకో అధికారి వచ్చి అదే కుర్చీలో కూర్చుంటాడు. పని ఆగదు. రాజును కూడా అలాగే మార్చవచ్చని కంపెనీ అనుకుంది. కానీ పాయిక్‌కు భూమి ఇచ్చినవాడు, పండక్కి రంకిణీ గుడిలో తమతోపాటు నిలబడేవాడు వాళ్ల దృష్టిలో రాజు. కాగితం మీద పేరు మారినంత మాత్రాన ఆ బంధం మారలేదు. నీమూ ధల్ గద్దె మీద ఉన్నాడు, మనుషులు జగన్నాథ్ ధల్ దగ్గర ఉన్నారు.

అడవిలో తొమ్మిదేళ్లు

ఆ తర్వాతి సంవత్సరాలు అందరికీ కష్టమైనవి. 1769-70లో కొండల్లోని భూమిజ్ సర్దార్లు పెద్ద సంఖ్యలో కిందికి దిగారు. కంపెనీ మళ్లీ సేనలు పంపింది. అదే కాలంలో బెంగాల్‌ను మహా కరువు పట్టి పీడించింది. తిండిలేక లక్షల మంది చనిపోయారు. అలాంటప్పుడు కూడా కంపెనీ శిస్తు వసూలు మానలేదు.

అప్పటి ఇంగ్లీషు రికార్డుల్లో ఈ తిరుగుబాటుదార్లను చువార్లు అని రాశారు. అది ఆ జనం తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. బయటివాళ్లు చులకనగా అన్న మాట. చరిత్ర పుస్తకాల్లో చువార్ తిరుగుబాటు అని కనిపించినప్పుడు ఆ మాట వెనక ఉన్నవాళ్లు భూమి కోసం, కావలి హక్కు కోసం పోరాడిన రైతులూ పాయిక్‌లూ అని మనం గుర్తుపెట్టుకోవాలి.

1773, 74 నాటికి జగన్నాథ్ ధల్ మళ్లీ బలంగా వచ్చాడు. ఆయన మనుషులు దాడులు చేశారు, పల్లెలు తగలబడ్డాయి. సువర్ణరేఖకు ఆ వైపు నుంచి కంపెనీకి శిస్తు వచ్చే ఆశ లేకుండా పోయింది. ఇక్కడ మనం నిజం దాచుకోకూడదు. ఆ కాలిన పల్లెలు ఆ దేశంలోనివే. నష్టపోయినవాళ్లలో ఈ గొడవతో ఏ సంబంధం లేని పేదలు కూడా ఉన్నారు. మేము ఈ కథ తరగతిలో చెప్పినప్పుడు ఒక అమ్మాయి లేచి, అలాంటప్పుడు ఆయన మంచివాడెలా అవుతాడని అడిగింది. దానికి మేము చటుక్కున జవాబు చెప్పలేకపోయాం. మీరు కూడా ఆ ప్రశ్న మనసులో పెట్టుకునే ముందుకు చదవండి.

ఆయన చేసిన దాంట్లో ఒక లెక్క మాత్రం ఉంది. తుపాకులున్న కంపెనీని అడవి నుంచి పూర్తిగా తరిమేయడం విల్లమ్ములతో అయ్యే పని కాదు. కానీ కంపెనీ వ్యాపారం చేయడానికి వచ్చిన సంస్థ. దానికి ఖర్చుకు తగ్గ రాబడి కావాలి. సిపాయిలకు జీతాలు, బియ్యం, మందుగుండు అన్నీ ఖర్చే. ధల్‌భూమ్ నుంచి వచ్చే శిస్తు కంటే ధల్‌భూమ్ మీద పెట్టే ఖర్చు ఎక్కువైతే కంపెనీ తనంతట తానే మాటలకు వస్తుంది. జగన్నాథ్ ధల్ ఏళ్ల తరబడి ఆ ఒక్క దెబ్బే కొడుతూ వచ్చాడు. యుద్ధం గెలవడం కోసం కాదు, తాను లేకుండా ఈ దేశంలో పని జరగదని అవతలివాడికి తెలియజెప్పడం కోసం.

1777

చివరికి అదే జరిగింది. 1777లో కంపెనీ జగన్నాథ్ ధల్‌కే జమీందారీ తిరిగి ఇచ్చింది. అంతవరకు ఎవరిని పట్టుకోవడానికి సేనల మీద సేనలు పంపిందో ఆయనతోనే ఒప్పందం చేసుకుంది. శిస్తు మొదటి ఏడాది 2,000 రూపాయలు, రెండో ఏడాది 3,000, మూడో ఏడాది 4,000.

ఈ అంకెలను పదేళ్ల కిందటి అంకె పక్కన పెట్టి చూడండి. 1767లో అడిగింది 5,500. 1777లో మొదలైంది 2,000 దగ్గర. నెమ్మదిగా పెరిగినా 4,000 దగ్గర ఆగింది. 1800లో ధల్‌భూమ్‌కు శాశ్వత పద్ధతిలో శిస్తు నిర్ణయించినప్పుడు కూడా అది 4,267 రూపాయలే. ఫెర్గూసన్ మొదట రాయించిన అంకెకు కంపెనీ ముప్పై మూడేళ్ల తర్వాత కూడా చేరుకోలేకపోయింది.

మరి ఆయన గెలిచాడా? తరగతిలో ఈ ప్రశ్న మీద రెండు జట్లు తయారయ్యాయి. గెలిచాడన్నవాళ్లు అంకెలు చూపించారు. తీసేసిన రాజు తిరిగి రావడం మామూలు సంగతి కాదన్నారు. ఓడాడన్నవాళ్ల వాదన కూడా బలంగానే ఉంది. ఎంత తక్కువైనా శిస్తు శిస్తే కదా, సంతకం పెట్టిన రోజు నుంచి ఆయన స్వతంత్ర రాజు కాదు, కంపెనీ కింద జమీందారు అన్నారు. రెండూ నిజమే.

మాకు తోచింది ఇది. కొందరు మొదటి రోజే సంతకం పెట్టారు. వాళ్లకు అవతలివాడు ఏ షరతు పెడితే అది దక్కింది. కొందరు చివరిదాకా పెట్టలేదు. మన విజయనగరం చిన్న విజయరామరాజు అలాంటివాడు. కంపెనీ అడిగిన సొమ్ముకు, షరతులకు లొంగక 1794 జూలై 10న పద్మనాభం దగ్గర పోరాడి ప్రాణమిచ్చాడు. ఆయన కొడుకు నారాయణబాబు మన్యం పెద్దల అండ చేరాడు. ఆ తర్వాతే కంపెనీ దిగివచ్చి, తగ్గించిన జమీందారీని ఆ కుమారుడికి తిరిగి ఇచ్చింది. అక్కడా కంపెనీని మాటలకు రప్పించింది కొండల్లోని మనుషుల భయమే. జగన్నాథ్ ధల్ ఈ రెండు దారుల మధ్య నడిచాడు. ఎప్పుడు పోరాడాలో ఆయనకు తెలుసు. పోరాటం ఆపి కూర్చుని మాట్లాడవలసిన రోజు వచ్చినప్పుడు దాన్నీ గుర్తుపట్టాడు. పదేళ్లు అడవిలో ఉన్న మనిషికి ఆ రెండోది మరీ కష్టం. పంతం అడ్డొస్తుంది. అవతలివాడు మెట్టు దిగిన రోజున ఇంకా దిగమంటే ఉన్నదీ పోవచ్చు. తగలబడడానికి ఇంకా పల్లెలు మిగిలి ఉన్నప్పుడే ఆయన ఒప్పందానికి వచ్చాడు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాదు. కానీ జవాబులో ఒక భాగం.

తరువాతి కథ

ఆ ఒప్పందంతో గద్దె నిలిచింది. పాయిక్‌ల కష్టాలు మాత్రం తీరలేదు. 1798-99లో మేదినీపూర్ అడవుల్లో పాయిక్‌ల భూములు లాక్కోవడం మీద మళ్లీ పెద్ద తిరుగుబాటు వచ్చింది. 1832-33లో పక్కనే ఉన్న బరాభూమ్ నుంచి గంగా నారాయణ్ సింగ్ నాయకత్వంలో భూమిజులు లేచారు. ఆ పోరాటంలోనే ఆయన ఖర్సావాన్ దగ్గర మరణించాడు. ఆ తిరుగుబాటు చూశాక ప్రభుత్వం ఈ అడవి ప్రాంతాలకు మైదానాల చట్టాలు సరిపోవని ఒప్పుకుని 1833లో పాలన పద్ధతినే మార్చింది.

మీకు నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ధల్‌భూమ్‌కు కూడా మనలాగే బదిలీలున్నాయి. మొదట మేదినీపూర్‌లో ఉండేది. 1833లో మాన్‌భూమ్ జిల్లాకు మారింది. ఆ తర్వాత సింగ్‌భూమ్‌కు. 1912లో బెంగాల్ నుంచి విడిపోయి బీహార్, ఒరిస్సా రాష్ట్రంలోకి, తర్వాత బీహార్‌లోకి, 2000 నవంబరు 15న జార్ఖండ్‌లోకి. ఇన్నిసార్లు చిరునామా మారినా పేరు మారలేదు. 1907లో ఉక్కు కర్మాగారానికి సాక్చిని ఎంచుకున్నప్పుడు ఆ భూములు ధల్‌భూమ్ జమీందారీలోవే. మన తల్లిదండ్రులు పనిచేసే చోట, మనం సైకిలు తొక్కే రోడ్ల కింద ఉన్నది ఆ నేలే.

శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పని కోసం ఈ ఊరికి వచ్చి తరాలుగా ఇక్కడే ఉండిపోయాయి. మనం మాత్రం రెండు మూడేళ్లుండి వెళ్లిపోతాం. ఉన్నన్నాళ్లు ఈ నేలకు అతిథులం. అతిథిగా వెళ్లిన ఇంట్లో పెద్దల పేర్లు తెలుసుకోవడం మన వాళ్లు నేర్పిన మర్యాదే కదా. కాబట్టి వచ్చే సెలవుల్లో అమ్మానాన్నలను అడిగి ఘాట్‌శిల వెళ్లండి. విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ చివరి రోజులు గడిపిన ఇల్లు అక్కడే ఉంది, అదీ చూడండి. తర్వాత సువర్ణరేఖ ఒడ్డున కాసేపు నిలబడండి. వానాకాలమైతే నది ఎంత వెడల్పుగా పారుతుందో చూస్తే, మోర్గాన్ సిపాయిలు ఎందుకు ఆగిపోయారో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మళ్లీ బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు, కొత్త ఊళ్లో మిమ్మల్ని ఎక్కడి నుంచి వచ్చారని అడుగుతారు. జంషెడ్‌పూర్ అని చెప్పగానే అందరూ ఉక్కు గురించి మాట్లాడతారు. అప్పుడు మీరు జగన్నాథ్ ధల్ గురించి కూడా చెప్పండి.